మూడు కుదుపులు

1. శుద్ధ విదియ, పొద్దుటి పోటు

పెట్టె భుజాన వేసుకుని సముద్రం మీద తేలే పదహారు పంట్లు దాటాను. పంటుకీ పంటుకీ మధ్య పరిచిన పలకలు పోటు వేళ ఎగిరెగిరి పడతాయి. కాన్వెంటు పంటు మీద పెరిగినదాన్ని, పలకలు నాకు కొత్త కాదు. భుజాన ఒప్పుకోళ్ళు నమోదు చేసే ఆఫీసు పెట్టె ఉండటం కొత్త. దాన్ని చూసి ఇద్దరు మగవాళ్ళు పక్కకి జరిగి నాకు దారిచ్చారు. నాకు దారివ్వడం ఇదే మొదటిసారి.

సాక్షి తన పుస్తకంలో చూసినదీ విన్నదీ మాత్రమే రాయాలనీ, అనుకున్నది రాయకూడదనీ మొదటి పేజీలో అచ్చు వేసి ఉంది. ప్రయత్నిస్తాను. కానీ చేతులు వణుకుతున్నాయి. అది నేను చూస్తున్నదే కాబట్టి రాయవచ్చు. భయంతో కాదు, సంతోషంతో. ఉద్యోగంలో చేరి నాలుగు రోజులు. ఒంటరిగా పంపడం ఇవాళే మొదలు.

వెళ్ళింది గంగారత్నం గారింటికి. ఆమెకి యాభై రెండేళ్ళు. తేలూరు పంట్లన్నిటినీ సముద్రపు అడుక్కి కట్టి ఉంచే గొలుసులను ఇరవై ఎనిమిదేళ్ళు నీళ్ళలో దిగి చూసుకున్న డైవర్ ఆమె. రెండేళ్ళ కిందట లోతు నుంచి మరీ తొందరగా పైకి రావలసి వచ్చింది. రక్తంలో పుట్టిన గాలిబుడగ మెదడుకి చేరి కుడి చెయ్యి, కాళ్ళు, మాట తీసుకుపోయింది. మాటల్లో ఒక్కటే మిగిలింది.

"నమస్కారమండీ. నేను ఆగ్నెస్. సాక్షిని" అన్నాను.

"అట్టాగే" అన్నారు.

తిన్నారా అంటే అట్టాగే. నిద్ర పట్టిందా అంటే అట్టాగే. మంచినీళ్ళ కూజాలో ఈగ పడిందని నేను చూపిస్తే, అదీ అట్టాగే.

మరిది మురహరి గారు చక్రాల కుర్చీ వెలుతురులోకి తోసి, నాకు స్టూలు వేసి, గ్లాసు నిండా నీళ్ళిచ్చారు. నిండా! మా ఇంట్లో పండగకి వచ్చినవాళ్ళకి కూడా సగమే పోస్తాం.

"తాగమ్మాయ్, మొహమాటపడమాక. డైవర్ల వాటా మాది. ముగ్గురు తాగే నీళ్ళు. మా వదిన ఒక్కతే ఏం చేసుకుద్ది చెప్పు?"

"మీరే చూసుకుంటారాండీ?"

"నేను గాక ఎవరున్నారు? వండేది నేనే, తల దువ్వేది నేనే. వాటా నా పేరున ఉంటే ప్రతి నెలా ఆఫీసు చుట్టూ తిరిగే పని తప్పుద్ది. నా దాంట్లోంచే ఆమెకీ పోస్తాగా."

ఆయన గొంతు మెత్తగా ఉంది. జడ నిజంగానే చక్కగా వేశారు. నేను నాడి కొలిచే పట్టీ ఆమె ఎడమ మణికట్టుకి కట్టి పెట్టె తెరిచాను. అది ముందు పేరు, తిన్నారా, మురహరి మీకేమవుతారు అని అడిగింది.

"గంగారత్నం గారూ" అంది పెట్టె, "మీ మంచినీళ్ళ వాటా మొత్తాన్ని మీ జీవితకాలానికి మురహరి గారికి ఇస్తున్నారా?"

"అట్టాగే."

ఆకుపచ్చ దీపం వెలిగింది. "రెండో ఒప్పుకోలు నమోదైంది. మూడోది, ఆఖరిది, ద్వాదశి నాడు సభ పంటు మీద."

బలవంతమేమీ చూడలేదని సంతకం పెట్టాను. ఉద్యోగంలో నా మొదటి సంతకం. వంకర పోయింది.

చూసినది మరొకటి. పెట్టె మాట్లాడుతున్నంతసేపూ రత్నంగారు దాన్ని చూడలేదు. నా కలాన్ని చూశారు.

2. తదియ

పొద్దున పట్టీలు వెనిగర్‌తో తుడిచాను. తర్వాత పెట్టె కొలిచిన నాడులు రిజిస్టర్లోకి ఎక్కించాను. అందరూ విసుక్కునే పని. నాకు ఇష్టం. కాన్వెంటులో సిస్టర్లు నా చేతిరాతని మెచ్చుకునేవాళ్ళు. గొంతుని మాత్రం ఎవరూ మెచ్చుకోలేదు, వినపడేది కాదు.

రత్నంగారి నాడి. పేరు అడిగినప్పుడు డెబ్బై ఒకటి. తిన్నారా అన్నప్పుడు డెబ్బై. మురహరి మీకేమవుతారు అన్నప్పుడు డెబ్బై రెండు. వాటా ఇస్తున్నారా అన్నప్పుడు నలభై తొమ్మిది.

పాత పేజీ తిప్పాను. పది రోజుల కిందటి మొదటి ఒప్పుకోలు. ఆ ప్రశ్నకి యాభై. పెట్టె రెండుసార్లూ పక్కన రాసింది: "అతి ప్రశాంతం."

నా మణికట్టుకే పట్టీ కట్టుకున్నాను. తొంభై నాలుగు!

మా పై అధికారి సుగుణాకరరావు గారు. ఈ పెట్టెకి ప్రశ్నలు రాసినవాళ్ళలో ఆయన ఒకరు. ఆయన గదిలోకి వెళ్ళి రిజిస్టర్ చూపించాను.

"మంచిదేగా! ఎంత నెమ్మదిగా ఇచ్చిందో చూడు. మా ఆవిడ నాకు కాఫీ ఇచ్చేటప్పుడు కూడా అంత నెమ్మది ఉండదు" అన్నారు.

నేను బయటికి వచ్చేశాను. అడగవలసిన మాట తలుపు దగ్గరే తట్టింది. దాన్ని లోపలికి తీసుకువెళ్ళడానికి సాయంత్రం టీ వేళ అయింది.

"తిన్నారా అంటే డెబ్బై ఉన్న మనిషికి, నీళ్ళన్నీ ఇచ్చేస్తారా అంటే నలభై తొమ్మిదికి ఎందుకు పడుతుందండీ?"

ఆయన టీ గ్లాసు దించారు. "అమ్మాయ్, నువ్వు మాట్లాడతావా!" అన్నారు. తర్వాత, "పెట్టె భయాన్ని పట్టుకుంటుంది. భయపడితే నాడి పెరుగుతుంది. తగ్గితే ఏమిటో ఎవరూ అడగలేదు. కనుక్కో" అన్నారు.

కనుక్కో అన్నారు! నన్ను!

3. చవితి

నా తెలివితక్కువ ఈ పుస్తకంలో ఉండాలి కాబట్టి రాస్తున్నాను.

మురహరి గారు పొద్దుటిపూట చేపల షెడ్డులో ఉంటారు. ఆ వేళకి వెళ్ళాను. నిన్న రాత్రంతా కూర్చుని ఇరవై అట్టముక్కల మీద బొమ్మలు గీశాను. నీళ్ళు, అన్నం, చేప, నిద్ర, నవ్వే మొహం, ఏడ్చే మొహం. రత్నంగారి ఒళ్ళో పరిచాను.

"మురహరి గారికి వాటా ఇవ్వడం మీకు ఎలా ఉంది? ఒకటి చూపించండి."

చేప చూపించారు.

మళ్ళీ అడిగాను. చేప. ఆకలేస్తోందా అన్నాను. నిద్ర చూపించి, చిరాకుపడి, ఏడ్చే మొహాన్ని తలకిందులుగా పట్టుకుని, అది నవ్వుతోందనుకున్నారో ఏమో నాకు ఇచ్చారు. బొమ్మకీ సంగతికీ మధ్య దారి కూడా ఆ బుడగ మూసేసింది కాబోలు. ఆఖరికి ఎడం చేత్తో అట్టముక్కలన్నీ కూడగట్టి, కిటికీలోంచి సముద్రంలోకి విసిరేశారు.

"అట్టాగే!" అన్నారు. ఆ ఒక్కసారి అర్థం అనుమానం లేకుండా తెలిసింది.

ఇద్దరం నవ్వాం. నేను గట్టిగా నవ్వాను.

4. షష్ఠి

ఆఫీసులో పడవ జాబితాలు కూడా మేమే రాస్తాం. పౌర్ణమి నాడు గట్టుకి వెళ్ళే పడవ జాబితా ఇవాళ వచ్చింది. వాటా లేనివాళ్ళు తేలూరులో ఉండటానికి వీల్లేదు. ఆ పడవ వాళ్ళని గట్టు మీద శిబిరంలో దింపుతుంది. అక్కడ రేకుల షెడ్లు, వారానికి రెండు ట్యాంకర్లు. అక్కడినుంచి తిరిగివచ్చిన మనిషిని నేను చూడలేదు.

పదకొండో పేరు: గంగారత్నం. ఒక్కరే. తిరుగు ప్రయాణం లేదు. సీటు రాయించినది: మురహరి.

నా దాంట్లోంచే ఆమెకీ పోస్తాగా అన్నారు ఆయన. గ్లాసు నిండా పోసి మరీ అన్నారు.

జాబితా పట్టుకుని పరుగెత్తాను. కారిడార్లో పరుగెత్తరాదని బోర్డు ఉంది.

సుగుణాకరరావు గారు రెండుసార్లు చదివారు. "శిబిరంలో ఆసుపత్రి ఉంది, వైద్యానికి పంపుతున్నానంటాడు. మనం కాదనలేం. నువ్వు సంతకం పెట్టకపోతే నేను పెట్టాలి. నేనూ పెట్టకపోతే కారణం రాయాలి. ఏం రాయను? ఆగ్నెస్‌కి అనుమానం అనా?"

"రత్నంగారికే ఇష్టం లేదండీ."

"ఆ మాట ఆవిడ దగ్గర్నుంచి రావాలి. నీ దగ్గర్నుంచి కాదు. పట్టుకురా. ఆరు రోజులుంది."

5. సప్తమి

నాంచారమ్మ గారు డైవర్ల రేవులో పునుగులు వేస్తారు. అరవై అయిదు దాటి ఉంటాయి. ఒకప్పుడు తాడు మనిషి. డైవర్ నీళ్ళలో ఉన్నంతసేపూ పైన పంటు మీద నిలబడి నడుముకి కట్టిన తాడు పట్టుకునేవాళ్ళని తాడు మనిషి అంటారు. రేవులో అందరినీ అడిగితే ఆమెని చూపించారు. ఎదురుగా నిలబడి నాలుగు పునుగులు కొని తిన్నాను. ఇంకో నాలుగు కొన్నాను.

"ఏందే పిల్లా, తినడానికొచ్చావా, అడగడానికొచ్చావా? నీ మొహం చూస్తే రెండోదే. పునుగులు దండగ" అన్నారు ఆమె.

రత్నంగారి నాడి గురించి చెప్పాను.

"నలభై తొమ్మిదా? అయితే చచ్చేంత భయపడింది."

"తగ్గిందండీ, పెరగలేదు."

"అదేనే చెప్తన్నా. కింద గొలుసులో కాలు ఇరుక్కుందనుకో. భయపడి గుండె దడదడలాడిందనుకో. ఉన్న గాలి మూడు నిమిషాల్లో అయిపోద్ది. అందుకని పదిహేనో ఏటనుంచే నేర్పుతారు. ఆపదొస్తే గుండెని కిందకి దించెయ్యాల. రత్నం మా అందర్లోకీ మొనగత్తె. ఒకసారి నలభై నాలుక్కి దించింది. ఆ రోజు గొలుసు దాని మీద పడింది."

నా చేతిలో పునుగు నూనె పుస్తకం మీద కారింది. ఆ మరక ఈ పేజీ మీదే ఉంది.

డైవర్లందరూ! డైవర్ ఎంత భయపడితే పెట్టె అంత ఆకుపచ్చగా వెలుగుతుంది. దీన్ని ఇక్కడ ఎవరూ చూడలేదు. పెట్టె తయారైన ఊళ్ళో డైవర్లు లేరు. పెట్టె ఉన్న ఊళ్ళో రిజిస్టర్ ఎవరూ చదవరు.

"మరి ఆమె నోటితో ఎలా చెప్పించడమండీ? బొమ్మలు కూడా..."

"దానికి నోరెందుకే? తాడియ్యి" అన్నారు నాంచారమ్మ గారు, ఇంకో వాయి వేస్తూ. "నీళ్ళ కింద నోరుండిద్దా? ఇరవై ఎనిమిదేళ్ళు అది తాడుతోనే మాట్టాడింది."

6. అష్టమి

పన్నెండు గజాల తాడు. నాంచారమ్మ గారిదే. ఉప్పుతో గట్టిపడి ఉంది. ఆమె కూడా వచ్చి గుమ్మంలో కూర్చున్నారు.

మాటలు మూడే ఉన్నాయి. ఒక కుదుపు: ఉన్నాను. రెండు: తాడు వదులు. మూడు: పైకి లాగు.

తాడు కొస రత్నంగారి ఎడమ చేతిలో పెట్టాను. ఆమె దాన్ని చూడను కూడా చూడలేదు. వేళ్ళు వాటంతటవే సర్దుకున్నాయి. నేను గది అవతలి కొసకి వెళ్ళాను.

ఒక కుదుపు.

నేనూ ఒకటి ఇచ్చాను. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. మళ్ళీ ఒకటి. నేనూ ఒకటి. ఇలా ఎంతసేపు చేశామో రాసుకోలేదు. నాంచారమ్మ గారు కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

చెమట తుడుచుకుని ప్రశ్న అడిగాను. పెట్టె అడిగే మాటల్లోనే. "మీ మంచినీళ్ళ వాటా మొత్తాన్ని మీ జీవితకాలానికి మురహరి గారికి ఇస్తున్నారా?"

"అట్టాగే" అంది నోరు.

తాడు నా అరచేతులు ఒరుసుకుంటూ మూడుసార్లు కుదిపింది.

తిన్నారా అని అడిగాను. ఒకటి. గాలి బాగుందా అన్నాను. ఒకటి. మళ్ళీ వాటా. మూడు! అయిదుసార్లు అడిగాను. అయిదుసార్లూ మూడే. ఆరోసారి ఆమె నావైపు చూసిన చూపుకి ఆపేశాను. చెవిటిదాన్నా అన్నట్టు చూశారు.

"మూడు కొట్టినాక ఎందుకని అడక్కూడదే పిచ్చిపిల్లా" అన్నారు నాంచారమ్మ గారు. "ముందు లాగాల. పైకొచ్చాక అడగాల. అడుగుతా నిలబడ్డ తాడు మనిషిని మళ్ళీ ఎవరూ పన్లోకి పిలవరు."

ఇంటికి వచ్చేటప్పుడు పలకల మీద గెంతాను. ఎవరూ చూడలేదనుకుంటాను. చూసినా సరే.

7. నవమి

సుగుణాకరరావు గారు అంతా విన్నారు. నాడి సంగతి దగ్గర లేచి నిలబడ్డారు. కిటికీ దగ్గరికి వెళ్ళారు. "ఆ ప్రశ్నలు రాసినప్పుడు నేను ఒక్క డైవర్‌ని కూడా పిలవలేదు" అన్నారు. ఆ మాట నాకోసం అన్నది కాదు. విన్నాను కాబట్టి రాశాను.

తాడు సంగతి దగ్గర మాత్రం తల అడ్డంగా ఊపారు.

"వద్దు అనే మాట ఆ మూడింటిలో ఏదీ? పైకి లాగమంటే ఇష్టం లేదనా? అలిసిపోయాననా? ఇంటికి తీసుకుపొమ్మనా? సభలో మురహరి అదే అడుగుతాడు."

"నాంచారమ్మ గారు చెబుతారండీ."

"ఆవిడ రత్నం తాడు పట్టిందా?"

పట్టలేదు. ఒక్కో జంటకి కుదుపుల్లో ఒక్కో వాడుక ఉంటుందనీ, ఫలానా డైవర్ ఏమంటున్నదీ ఆ డైవర్ తాడు మనిషి చెప్తేనే చెల్లుతుందనీ డైవర్ల నిబంధనల్లోనే ఉందట. వాళ్ళ ప్రమాదాల విచారణలన్నీ అలాగే జరుగుతాయట.

"అయితే రత్నం తాడు పట్టినదెవరో పట్టుకురా" అన్నారు.

మళ్ళీ రేవుకి పరుగు. నాంచారమ్మ గారు బాణలి దించి నావైపు జాలిగా చూశారు.

"పదకొండేళ్ళు దాని తాడు పట్టిందెవరనుకున్నా? వాడేనే. మురహరి."

రత్నంగారికి మాట తప్ప మరో దారి లేదని మొదటి ఒప్పుకోలు కాగితంలో రాసి ఇచ్చినది కూడా ఆయనే. రిజిస్టర్ పాత పేజీలో నేనే చదివాను.

ఆయనకి తెలుసు.

8. ఏకాదశి

సభకి సహాయక వస్తువు తెచ్చుకోవచ్చు. దానికో ఫారం ఉంది. కళ్ళజోడు, చేతికర్ర, చెవి మిషను, ఇతరములు. ఇతరముల దగ్గర "తాడు, పన్నెండు గజాలు" అని నా మంచి చేతిరాతతో రాశాను.

సుగుణాకరరావు గారు కళ్ళజోడు పైకెత్తి చదివారు. కిందికి దించి చదివారు. సంతకం పెట్టారు.

"తాడుతో ఏం నిరూపించగలవో నాకు తెలీదు. కానీ ఫారంలో తప్పు లేదు" అన్నారు.

రేపు నేను పదిమంది ఎదుట మాట్లాడాలి. చెప్పవలసినవి నాలుగు వాక్యాలు. అద్దం ముందు చెప్పుకున్నాను. మూడో వాక్యం దగ్గర అద్దానికి కూడా వినపడలేదు. మాట్లాడలేకపోతే పౌర్ణమి పడవలో పదకొండో సీటు నిండుతుంది. మళ్ళీ చెప్పుకున్నాను.

9. ద్వాదశి, మధ్యాహ్నం

అంతా వరసగా రాస్తాను.

సభ పంటు నిండిపోయింది. నాంచారమ్మ గారు రేవులో చెప్పినట్టున్నారు. డైవర్లు, పాత తాడు మనుషులు చుట్టూ గోడలకి ఆనుకుని నిలబడ్డారు. రత్నంగారు నడిమిన, చక్రాల కుర్చీలో. పక్కన బల్ల మీద పెట్టె. మురహరి గారు ఉతికిన చొక్కా వేసుకుని ఆమెకి కొంచెం దూరంలో. నేను తాడు ఒక కొస రత్నంగారికిచ్చి రెండో కొసతో తలుపు దగ్గరికి నడిచాను. తాడు మురహరి గారి కాళ్ళ ముందునుంచే పోయింది.

"తాడేంటండీ?" అన్నారు ఆయన, అందరికీ వినపడేలా. "మా వదినేమన్నా గేదా, కట్టేసి తోలుకెళ్ళడానికి?"

ఒకరిద్దరు నవ్వారు. రేవువాళ్ళు నవ్వలేదు.

"సహాయక వస్తువు. ఫారం ఉంది" అన్నారు సుగుణాకరరావు గారు. "ఆగ్నెస్, చెప్పు."

నా నాలుగు వాక్యాలు. మొదటిది చెప్పాను. రెండోది చెప్పాను: నాడి తగ్గడం డైవర్లలో ప్రశాంతత కాదు, ఆపద. గోడల దగ్గరనుంచి "నిజమే" అని గొంతులు లేచాయి. మూడోది, ఆమెకి తాడు భాష ఉందని. వినపడిందనుకుంటాను, ఎందుకంటే మురహరి గారు నావైపు తిరిగారు.

"అయ్యా, ఆ తాడు నేనే పట్టా పదకొండేళ్ళు. లేదనను. కానీ ఆ బుడగ పోయినాక అదంతా తుడిచిపెట్టుకుపోయింది. నేను ప్రయత్నం చెయ్యలేదనుకున్నారా? ఏం లేదు అందులో. చెయ్యి ఊరికే వణుకుద్ది. ఈ పిల్ల ఆ వణుకుని లెక్కపెట్టి కతలు చెప్తంది."

నాలుగో వాక్యం నాకు గుర్తు రాలేదు.

పెట్టె అడిగింది. "మీ మంచినీళ్ళ వాటా మొత్తాన్ని మీ జీవితకాలానికి మురహరి గారికి ఇస్తున్నారా?"

"అట్టాగే."

మూడు కుదుపులు. బలంగా వచ్చాయి. నా చేతులు చెమటతో జారుతున్నాయి. "మూడు" అన్నాను. ఎవరికీ వినపడలేదు. ఇంకోసారి అనబోతుంటే తాడు కొస నా వేళ్ళలోంచి జారి కింద పడింది.

"ఇంకోసారి అడుగుతాను. ఆఖరుసారి" అన్నారు సుగుణాకరరావు గారు. వంగి తాడు తీసుకోవాలి. నేను కదలలేకపోయాను. నా ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద తప్పు అది. పెట్టె మళ్ళీ అడుగుతోంది.

"అట్టాగే" అన్నారు రత్నంగారు. ఎడమ చెయ్యి తాడుని మూడుసార్లు కుదిపింది. అవతల పట్టుకున్నవాళ్ళు లేరు. తాడు చెక్కల మీద పాములా జరిగి ఆమెవైపు పోతోంది. గోడల దగ్గర డైవర్లందరూ ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. కొస పట్టేవాళ్ళు లేని తాడు వాళ్ళు చూడలేరు.

మురహరి గారు కూడా చూడలేకపోయారు.

ఆయన కాలు ముందు పడింది. కొస మీద పాదం వేసి ఆపారు. వంగారు, తాడు వీపు మీదుగా తిప్పారు, మోకాళ్ళు వంచి రెండు చేతులతో లాగడం మొదలుపెట్టారు. "వస్తన్నా వదినా! వస్తన్నా!" అని అరిచారు. ఆ గొంతు ఆ ఇంట్లో నేను విన్న మెత్తటి గొంతు కాదు. రత్నంగారు తాడు వదల్లేదు. చక్రాల కుర్చీ ఆయనవైపు దొర్లింది. ఒక గజం, రెండు గజాలు. ఆమె మోకాళ్ళు ఆయన మోకాళ్ళకి తగిలేదాకా లాగి, అప్పుడు తన చేతులవైపు చూసుకున్నారు.

పెట్టె మాట్లాడింది. "మూడో ఒప్పుకోలు నమోదైంది. నాడి నలభై ఏడు. అతి ప్రశాంతం. సాక్షి సంతకం చేయగలరు."

నేను కలం మూత పెట్టి జేబులో వేసుకున్నాను.

"మురహరీ, ఎందుకు లాగావు?" అన్నారు సుగుణాకరరావు గారు.

"మూడు కొట్టిందండి."

"చెయ్యి ఊరికే వణుకుతుందన్నావు."

మురహరి గారు తాడుని చేతికి ఇంకో చుట్టు తిప్పుకున్నారు.

"రత్నం తాడు మనిషివి నువ్వు. నిన్నే అడగాలి. రత్నం మూడు కొడితే దానర్థం ఏమిటి?"

మురహరి గారు రత్నంగారిని చూశారు. ఆమె ఆయన్ని చూస్తున్నారు. కోపంగా కాదు. జవాబుకోసం చూస్తున్నారు.

"ఇక్కడుంటే పోతాను, తీసెయ్యమని" అన్నారు ఆయన. చేతుల్లో తాడు ఇంకా పట్టుకునే ఉన్నారు. "ఐసు మిల్లోళ్ళకి మాటిచ్చానండి నీళ్ళిస్తానని. మిల్లులో భాగమిస్తామన్నారు. గట్టు మీద ఆసుపత్రిలో బాగానే చూస్తారు గదా అనుకున్నా. మా వదిన నోటితో ఒప్పుకుంది గదా అనుకున్నా."

"నోటితో" అన్నారు నాంచారమ్మ గారు గోడ దగ్గరనుంచి. అంతే అన్నారు.

సుగుణాకరరావు గారు పెట్టె మూసి, తీగ పీకేశారు. రిజిస్టర్ తనవైపు తిప్పుకుని తానే రాశారు. మూడు ఒప్పుకోళ్ళూ రద్దు. కారణం: హక్కుదారు అభ్యంతరం, తాడు మనిషి ధ్రువీకరణతో. పడవ జాబితాలో పదకొండో పేరు కొట్టివేత. వాటా మీద మురహరి గారికి ఇకపై ఏ అధికారమూ లేదు.

రాసి నావైపు తోశారు. "సాక్షి సంతకం" అన్నారు. ఈసారి వంకర పోలేదు.

10. త్రయోదశి

పొద్దున ఆఫీసుకి వెళ్ళేసరికి నా బల్ల మీద పాత రిజిస్టర్లు గుట్టగా ఉన్నాయి. పైన చీటీ: "డైవర్లందరివీ తీయి. అరవై కంటే తక్కువ నాడి ఉన్న ప్రతి ఒప్పుకోలూ తిరగదోడుదాం. సు." టీ వేళకి ఏడు పేర్లు దొరికాయి. ఏడుగురు! ముగ్గురు ఇంకా తేలూరులోనే ఉన్నారు. మిగతా నలుగురు గట్టు శిబిరంలో. ఎల్లుండి పడవ ఖాళీగా తిరిగిరాదని సుగుణాకరరావు గారు అన్నారు. శిబిరానికి నువ్వూ వస్తావా అన్నారు. వస్తానని వెంటనే అన్నాను, ఒక్కసారిలోనే.

మధ్యాహ్నం రత్నంగారింటికి వెళ్ళాను. ఇకనుంచి నీళ్ళు ఆఫీసు మనిషే తెచ్చి ఆమె ఎదుటే పోస్తాడు. తాడు వేలాడదీయడానికి మంచం పక్కన కొక్కెం దిగ్గొట్టి, ఒక కొస ఆమె చేతికిచ్చి, రెండో కొస నా భుజాన వేసుకున్నాను. కూజా కడిగాను. పక్క సర్దాను. మురహరి గారు లోపలికి రావచ్చా అని అడిగాను, ఆయన పొద్దుటినుంచీ అవతలి పంటు మీద కూర్చుని ఉన్నారు కాబట్టి. ఆమె చాలాసేపు ఆలోచించారు. తాడు కదలలేదు. సరే, ఇవాళ వద్దన్నమాట అనుకుని, రేపు మళ్ళీ అడుగుతానన్నాను. ఒక కుదుపు.

కిటికీకి గడియ పెట్టాను. మందులు ఎదురుగా పెట్టాను. జడ విప్పి మళ్ళీ వేయబోయాను. రాత్రికి నాంచారమ్మ గారిని తోడు పడుకోమంటాననీ, రేపటినుంచి రెండు పూటలా నేనే వస్తాననీ, వంట కూడా...

తాడు నన్ను రెండుసార్లు కుదిపింది.

నేను ఆగాను. రెండంటే ఏమిటో గుర్తు చేసుకోవడానికి ఒక్క క్షణం పట్టింది. తాడు కొంచెం వదిలి ఒక అడుగు వెనక్కి వేశాను. మళ్ళీ రెండు. ఇంకో అడుగు. మళ్ళీ రెండు. అలా వదులుతూ వదులుతూ, కొస లోపలే వదిలేసి గుమ్మం దాటి పలక మీదికి వచ్చేశాను. రత్నంగారు ఎడమ చేత్తో చక్రం తిప్పుకుంటూ వచ్చి, "అట్టాగే" అని, నా మొహం మీదే తలుపు వేసేశారు.

పలక మీద నిలబడి నవ్వుకున్నాను. పోటు వస్తోంది. దొరికిన పేర్లలో రెండో డైవర్ ఇల్లు ఇక్కడికి తొమ్మిది పంట్ల దూరం. నాంచారమ్మ గారి దగ్గర ఇంకో తాడు ఉందో లేదో దారిలో అడగాలి.